వైపులు మారాక

శుక్రవారం, ప్రాక్టీసు అయ్యాక,
బూట్ల గది నుంచి

మా కెప్టెనమ్మకి,

గోల్ దగ్గర కాపలా కాసే నీ స్నేహితురాలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఒళ్ళు నొప్పులు తప్ప ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వు, అన్నయ్యగారు, పాప కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఫోన్ కట్టేసి కూర్చున్న మనిషి గురించి అనుకోవడం తప్ప చేసేదేముంది? పరీక్షల్లో తప్ప నేనెప్పుడూ ఇంత పొడుగు రాయలేదు. అక్షరాలు కోడి కెలికినట్టుంటే నవ్వకు. ఈ చేతులు బంతి పట్టడానికి పుట్టాయి గానీ పెన్ను పట్టడానికి కాదు.

ముందు కబుర్లు. స్నానాల గదిలో గీజరు చివరికి బాగుచేశారు. ఇన్నాళ్ళూ వణికాం, ఇప్పుడు తోలూడిపోతోంది. నీ లాకరు ఎవరూ ముట్టుకోలేదు. పాప నీకు నాలుగు కాళ్ళు పెట్టి గీసిన బొమ్మ తలుపుకి అలాగే అంటించి ఉంది. నీ కెప్టెన్ పట్టీ మన ఫార్వర్డు మహారాణికి ఇచ్చారు. ఒక్క మ్యాచ్ ఆడి, జారిపోతోందంటూ తీసి బెంచి మీద పెట్టేసింది. ఆవిడ భుజం ఎంతుంటుందో నీకు తెలియంది కాదు. జారిపోయే భుజం కాదది.

ఇక అసలు సంగతి. నువ్వు వెళ్ళిపోయిన రోజు గురించి నీకే చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. కానీ ఆ తరువాత జరిగింది నీకు తెలియదు. అది చెప్పాలంటే మొదటి నుంచి రావాలి. అడ్డం రాకుండా చదువు.

మన కోచ్ సారుకి కుక్కర్ అని పేరు పెట్టింది నువ్వే. మూడో విజిల్ వచ్చేసరికి ఎవరో ఒకరు ఉడికిపోవాల్సిందే అన్నావు. ఆట ఆయనకి కొట్టిన పిండి, అందులో నాకు అనుమానం లేదు. బంతి ఎటు రాబోతోందో మనకంటే ముందు ఆయన మెడ తిరుగుతుంది. కానీ నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా. ఈయన నోటికి ఊరుంటే సగం ఖాళీ అయ్యేది. మ్యాచ్ అయిన రెండో రోజు లైట్లు ఆర్పి వీడియో పెట్టడం, మనం గోల్ తిన్న చోట బొమ్మ ఆపడం, ఎవరిది అని అడగడం. తప్పు చేసినమ్మాయి లేచి నాది సార్ అనాలి. ఆ తరువాత వినేవాళ్ళ చెవుల్లో సీసం పోసినట్టే. పోయిన ఏడు, ఎడమ పక్క కాసే లెఫ్ట్ బ్యాక్ మన పొడుగుని, నీకంటే మూలనున్న జెండా నయం, పాతిన చోట ఉంటుంది అన్నారు. కుడి పక్క కాసే రైట్ బ్యాక్ మన పిచ్చుకని, నువ్వు నాకు పదకొండో మనిషివి కాదు, వాళ్ళకి పన్నెండో మనిషివి అన్నారు.

అప్పట్నించి జట్టు ఏమయిందో అందరికంటే వెనక నిలబడే నాకు బాగా వినిపించేది. చూడమని కాదు, వినమని చెప్తున్నాను. ఒకప్పుడు మన గ్రౌండు సంతలా ఉండేది. ఇటివ్వు, నాకివ్వు, వెనకాల మనిషి, వదిలెయ్ అని ఒకటే గోల. రాను రాను ఒక్కరూ బంతి అడగడం మానేశారు. అడిగితే వస్తుంది, వస్తే తప్పు జరగొచ్చు, జరిగితే చీకటి గదిలో లేచి నిలబడాలి. ఎందుకొచ్చిన గొడవ? పదకొండు మంది నోళ్ళు మూసుకుని పరిగెడుతుంటే గ్రౌండులో సారు గొంతొక్కటే మోగేది. పిచ్చుక మ్యాచ్‌కి ముందు కుళాయి తిప్పుకుని మరీ వాంతి చేసుకునేది. మనం వినలేదనుకునేది పాపం.

ఆ చీకటి గదిలో అందరికంటే ఎక్కువ సార్లు లేచింది నువ్వే. ప్రతి వారం ఒకటే జవాబు. నా చోటు వదిలి వెళ్ళాను సార్, ఈ గోల్ నాదే. మధ్యలో ఉండాల్సిన డిఫెండరువి, మాటిమాటికీ పక్కకి ఎందుకు పోతున్నావని ఆయన గొంతు చించుకుంటే నేల చూపులు చూసేదానివి. బస్సులో నేనడిగితే, నడుం పట్టేసింది, ఒక పక్కకి లాగేస్తోంది అన్నావు. నేను నమ్మాను కూడా! నా దగ్గరున్న నూనె సీసా ఇచ్చి రాసుకోమన్నాను. ఆ రోజు ఆయన, తన చోటేదో తెలియని కెప్టెన్ నాకక్కర్లేదు అన్నప్పుడు, పట్టీ విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. మేమంతా బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నాం.

తరువాతి మ్యాచ్‌లో నీ బదులు వచ్చినమ్మాయి మధ్యలోంచి అంగుళం కదల్లేదు, మేకు కొట్టినట్టు నిలబడింది. నాలుగు గోల్స్ తిన్నాం. ఒక్కటీ మధ్యలోంచి రాలేదు. అన్నీ పక్కల నుంచే.

మంగళవారం వీడియో గది. మొదటి గోల్ దగ్గర బొమ్మ ఆపి, ఎవరిది అన్నారు. పొడుగు లేచింది. రెండోది ఎవరిది? మళ్ళీ పొడుగే. హాఫ్ టైం తరువాత మూడోది ఎవరిది? పిచ్చుక లేచింది. నాలుగోదీ పిచ్చుకదే. ఆయనకి విజిల్ వచ్చేసింది. మొదటి సగమంతా నీ పక్క ఈగని కూడా దూరనివ్వలేదు, విరామంలో ఏం తాగొచ్చావ్ అని పిచ్చుకని అడిగారు. ఆ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో నేనే మరిచిపోయాను, నీ మీదొట్టు. అది నెమ్మదిగా, సార్, సగం ఆట అయ్యాక మేం వైపులు మారతాం, మీరు మారరు అంది.

ఎదురు చెప్పాలని కాదు. అడిగారు కాబట్టి చెప్పింది, అంతే. ఇక దీని పని అయిపోయింది అనుకున్నాం. కానీ ఆయన రిమోటు తీసుకుని వెనక్కి తిప్పారు. మొదటి గోల్. బొమ్మ మూల, గీత పక్కన, రెండు చేతులూ పైకెత్తి అరుస్తున్న ఆయనే. మన పొడుగు ఆయన వైపే చూస్తోంది. బంతి దాని వెనక నుంచి పోతోంది. సగం అయ్యాక వైపులు మారి, ఆయన గీత పక్కకి పిచ్చుక వచ్చింది. మూడో గోల్ అప్పుడు దాని కళ్ళు ఆయన మీదే. నాలుగోదీ అంతే. ఆయన పక్క ఎవరు పడితే వాళ్ళ పని అయిపోయినట్టే. అవతలి పక్క ఉన్నంతసేపూ అదే పిల్ల పులిలా ఆడింది.

ఆయన ఆగలేదు. అంతకు ముందు మ్యాచ్ పెట్టారు, దానికి ముందుది పెట్టారు. అప్పుడు కనిపించావే నువ్వు. మొదటి సగంలో మన పొడుగు పక్కన. రెండో సగంలో పిచ్చుక పక్కన. ఈ సీజనంతా, ప్రతి మ్యాచ్‌లో, ఆయన నోరు తెరిచిన ప్రతిసారీ మధ్యలోంచి కదిలి అటు వెళ్ళి నిలబడ్డావు. నువ్వు అటు రాగానే ఆయన వేలు ఆ పిల్ల మీంచి నీ మీదకి తిరుగుతోంది. నీ చోటు వదిలి ఎక్కడికే అని అరుస్తున్నట్టు బొమ్మలో పెదాలు కూడా తెలుస్తున్నాయి. పక్కనున్న పిల్ల కళ్ళు హాయిగా బంతి మీదున్నాయి. నువ్వున్నన్నాళ్ళూ ఆయన పక్క నుంచి ఒక్క గోల్ పడలేదు. పడినవన్నీ నువ్వు ఖాళీ చేసిన మధ్యలోంచే. వాటికి మళ్ళీ లేచి నాదే అన్నది కూడా నువ్వే.

నడుం పట్టేసిందట, నడుం! ఆ చీకట్లో నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఈ చేతులతో ఎన్నో పెనాల్టీలు ఆపాను, ఎంతోమంది గొప్పగా ఆడగా చూశాను. కానీ ఒక మనిషి ఇంకొకరి మీదకి వచ్చే మాటకి అడ్డం వెళ్ళి నిలబడటం, అదీ ఎవరికీ చెప్పకుండా, రోజూ వెళ్ళే ఉద్యోగంలా చేయడం నేనెక్కడా చూడలేదు. నీ వెనకాలే నిలబడి కూడా చూడలేదు. పొడుగు బొమ్మ దగ్గరికి వెళ్ళి తెర మీద నీ భుజాన్ని వేలితో ముట్టుకుంది. ఎవరూ కూర్చోమనలేదు. సార్ ఆ రోజు మళ్ళీ ఎవరిది అని అడగలేదు. లైటు కూడా వెయ్యకుండా వెళ్ళిపోయారు.

ఇక్కడితో కథ కంచికి వెళ్ళి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. నిన్నటి మ్యాచ్‌లో ఆయన బెంచి మీద నీళ్ళ సీసా పట్టుకుని నోరు మెదపకుండా కూర్చున్నారు. ఇంకేం, మంచి రోజులొచ్చాయి అనుకున్నాను. రాలేదు. పిల్లలు ఇంకా అటే చూస్తున్నారు. అరుస్తుంటే ఏమంటున్నారో తెలిసేది, ఇప్పుడు ఏం దాచిపెట్టుకుంటున్నారో అని భయమేస్తోంది అక్కా అని పిచ్చుక నాతో అంది. ఒక్కరు బంతి అడగలేదు. గోల్ పడకుండా బయటపడ్డామంటే అది నా చలవ. చెప్పుకోకపోతే నాకు కడుపు ఉబ్బుతుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు కదా, కాళ్ళతో బతికేవాళ్ళం, ఆ సామెత మనకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది?

ఆదివారం ఆఖరి మ్యాచ్. ఓడితే కింది లీగుకి పోతాం. పోతే సగం మందికి వచ్చే ఏడు ఒప్పందాలుండవు. పొడుగు అప్పుడే వాళ్ళ అక్క కొట్లో కూర్చుంటానని మాట్లాడుకుంది. నువ్వు రావాలి. అడ్డం నిలబడటానికి కాదు, ఆ పని ఇక నీది కాదు. మధ్యలో, నీ చోట్లో నిలబడటానికి. నువ్వుంటే ఆ పిల్లలు అటు చూడటం మానేసి నిన్ను చూస్తారు. సారుని క్షమించమని నేను అడగను. అది నీ ఇష్టం, నేనెవర్ని?

ఈ పొద్దున జరిగిన ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. ప్రాక్టీసులో పిచ్చుక బంతి అడిగింది. గట్టిగా కాదు, పక్కవాళ్ళకి వినపడేంత. అందరం ఒక్క క్షణం ఆగిపోయాం. మహారాణి ఇచ్చింది. అది తత్తరపడి తన్నేసరికి బంతి గీత దాటి కంచె దాకా పోయింది. పిచ్చుక మొహం తెల్లబోయి సారు వైపు తిరిగింది. ఆ పెద్దమనిషి మోకాళ్ళు పట్టుకుంటూ కంచె దాకా నడిచి, బంతి తెచ్చి దాని చేతికే ఇచ్చారు. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాం.

అన్నయ్యగారికి నమస్కారాలు. పాపకి ముద్దులు. ఈసారి నాకూ నాలుగు చేతులు పెట్టి బొమ్మ గీయమను, అవసరం ఉంది.

నీ వెనకాలే నిలబడే,
గోల్ కీపరు

తా.క.: కవరు మీద స్టాంపు లేదని ఈపాటికి నీకు అనుమానం వచ్చే ఉంటుంది. దీన్ని మీ తలుపు సందులోంచి తోసింది పోస్టుమాన్ కాదు, మన సారే. మధ్యాహ్నం వచ్చి మీ ఇల్లెక్కడ అని అడిగారు. ఎందుకు సార్ అన్నాను. నా చేతిలో కాగితం వంక చూశారు. ఉత్తరం రాస్తున్నాను అన్నాను. పట్టుకెళ్తాను అని గుమ్మంలోనే నిలబడ్డారు, ఇంకా అక్కడే ఉన్నారు. లోపల ఆయన్ని కుక్కర్ అన్నానని తెలియదు, అడగనూ లేదు. బెల్లు కొట్టే మొహం నాకు లేదమ్మా, తను చదివేదాకా ఎదురు పేవ్‌మెంటు మీద ఉంటాను అన్నారు. కిటికీ తెరిచి చూడు. కనిపిస్తే కిందకి దిగక్కర్లేదు, రమ్మననూ అక్కర్లేదు. పైనుంచే, వీధంతా వినపడేలా, ఎవరిది అని ఒక్కసారి అడుగు. జవాబు చెప్పడానికి లేవాల్సిన పని లేదు. ఆయన నిలబడే ఉన్నారు.