కారు దిగని ఆవిడ

అమ్మా,

ఇవాళ్టికి నువ్వు పోయి ఏడాది. ఇవాళే ఇక్కడ, అమెరికాలో, మేము ఇల్లు కొన్నాం. అమ్మినతను దివాలా తీశాడు. మన నందిగామ మాటలో చెప్పాలంటే ఐపీ పెట్టాడు.

తాళాలు ఇస్తూ, హీటర్ ఎలా వెయ్యాలో అతను ఓపిగ్గా చూపించాడు. అతని భార్య మాత్రం కారు దిగలేదు. నేను మంచినీళ్లు తీసుకుని వెళ్లబోతుంటే నీ అల్లుడు ఆపారు.

"వద్దులే, ఇప్పుడావిడ నీతో ఏం మాట్లాడుద్ది?"

అయినా వెళ్లాను. ఆవిడ కారు అద్దం దించలేదు. గ్లాసు పట్టుకుని తిరిగొచ్చాను.

నాన్న పత్తి వ్యాపారం మునిగి మన ఇల్లు అమ్మేసిన రోజు, కొన్నవాళ్లావిడ గుమ్మంలో నిలబడి, "ఎప్పుడైనా రండి అక్కయ్యగారూ" అంది. నువ్వు ముఖం తిప్పుకున్నావు. ఆ తర్వాత పదేళ్లు ఆ వీధిలోకే వెళ్లలేదు. ఆవిడకి ఎంత పొగరో అని నేనూ నీతోపాటు తిట్టుకున్నాను.

ఆవిడ నిజంగానే రమ్మందేమో అమ్మా.

ఆయన సామాన్లు తేవడానికి వెళ్లారు. పాలు ఇంకా పొంగించలేదు. ఒళ్లంతా అలసటగా ఉంది. ఈ ఖాళీ హాల్లో నేల మీద కాసేపు కూర్చుని లేస్తాను.

నీ చిన్నది