గొంతు కింద పలకలు

కొత్తగూడ,
14 జూన్ 1999

ప్రియమైన బాబాయికి,

చిన్నప్పటినుంచి ఇలా మొదలుపెట్టడం అలవాటు కాబట్టి ఆ మాట రాశాను. ఈ పూట అది నిజం కాదు.

నేను నీ ఇంట్లోంచి ఎందుకు వెళ్ళానని పిన్ని అడిగితే, ఆఫీసుకు దగ్గరని, మన దగ్గర స్కానింగ్ చేసే కృష్ణప్రియ వాళ్ళింట్లో ఉంటోందని చెప్పావట. మీ మేడ మీద నిలబడితే ఆఫీసు కిటికీలు కనిపిస్తాయి. శుక్రవారం, శనివారం నేను కొత్తగూడనుంచి రాళ్ళ మధ్య బాట పట్టుకుని, ఆ కొత్త గుండ్రటి భవనం చుట్టూ తిరిగి, చెప్పులనిండా దుమ్ముతో వచ్చాను. అబద్ధం చెప్పేటప్పుడైనా కాస్త జాగ్రత్త పడవేం? బహుశా ఆ అవసరం కనబడలేదేమో.

ఇవన్నీ నీ ఎదురుగా నిలబడి అడగలేను. ఆ సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. అందుకే రాసి కృష్ణప్రియ చేత పంపుతున్నాను.

గురువారం సాయంత్రం అమెరికానుంచి ఎడిటర్ ఫోన్ చేసినప్పుడు స్పీకరు పెట్టావు. టేబుల్‌కి అటు నువ్వు, ఇటు నేను. మనం వాళ్ళకు చేస్తున్న మంచినీటి చేపల సీడీలో గార్ చేపల పేర్లు తారుమారయ్యాయని ఆయన అన్నాడు. మచ్చల గార్ ఫొటోల కింద ఫ్లోరిడా గార్ అని ఉందన్నాడు. గొంతు కింద ఎముక పలకలు అంత స్పష్టంగా కనిపిస్తుంటే ఎలా పొరబడ్డారని అడిగాడు. నువ్వు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అది కొత్తమ్మాయి చేసిన పొరపాటని, ఆ అమ్మాయి ఇప్పుడు మన దగ్గర పనిచెయ్యడం లేదని ఇంగ్లీషులో చెప్పావు. చెబుతూ నా వైపు చూసి, చప్పుడు చెయ్యొద్దని అరచెయ్యి ఊపావు.

నేను అక్కడే ఉన్నాను బాబాయ్. నీ ముందున్న టీ నేను తెచ్చిందే. ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని లేదని చెప్పావు. నేను కూడా లేనట్టే కూర్చున్నాను. ఫోన్లో వినబడుతుందేమోనని ఊపిరి చిన్నగా తీసుకున్నాను. నువ్వు అన్నదానికంటే నేను అలా ఊపిరి బిగబట్టడం తలుచుకుంటే ఎక్కువ మండుతోంది.

ఆ ఫొటోలకు నేను పెట్టిన పేర్లు వేరు. పొడుగు మూతి గార్‌తో పేచీ లేదు. మొసలి తలలాంటి తల ఉండే పెద్ద గార్‌తోనూ లేదు. మచ్చల గార్, ఫ్లోరిడా గార్, ఈ రెండింటితోనే తంటా. రెండింటికీ తలమీద మచ్చలే, ఒకే రంగు, ఒకే ఒళ్ళు. ఫ్లోరిడా గార్ మూతి కాస్త పొట్టి, కానీ రెండూ పక్కపక్కన ఉంటే తప్ప కంటికి ఆనదు. తేడా తెలిసేది గొంతు కింద. మచ్చల గార్‌కి అక్కడ చిన్న చిన్న ఎముక పలకలు ఉంటాయి. ఫ్లోరిడా గార్‌కి ఉండవు, నున్నగా ఉంటుంది. పలకలు కనిపించినవాటికి మచ్చల గార్ అని రాశాను. గొంతు కనిపించనివాటిని పేరు పెట్టకుండా పక్కన ఉంచాను.

నువ్వు వచ్చి చూశావు. స్లైడు అట్టమీద ఫ్లోరిడా అని రాసి ఉంది. "ఊరి పేరు రాసి ఉండగా ఇంకా గొంతులు చూడటమేమిటే? రేపు డిస్కు వెళ్ళాలి" అన్నావు. ఫ్లోరిడా పడమటి వైపు నదుల్లో మచ్చల గార్ కూడా ఉంటుందని నేను అన్నాను. మెల్లిగానే అన్నాను. "ఇదెప్పుడు వెళ్ళొచ్చిందిరా ఫ్లోరిడా?" అని నువ్వు అందరివైపు తిరిగి అడిగావు. అందరూ నవ్వారు. నన్ను లేపి, నా కుర్చీలో కూర్చుని, అన్నిటినీ నువ్వే మార్చావు.

నీ బీఎస్సీ కథ మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చు. ప్రాక్టికల్ పరీక్షలో సీసాలు వరసగా పెడితే, లోపల ఏముందో చూడకుండా సీసాను బట్టి పేరు రాసేసేవాళ్ళు. మూత పగిలింది తేలు, ఎర్ర మూతది పాము పిల్ల. ఆ యేడు అటెండరు చెన్నకేశవులు సీసాలు కడిగి మూతలు మార్చేస్తే క్లాసులో సగంమంది తేలును చూస్తూ పాము అని రాశారు. నువ్వు ఏలూరులో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ కథ అడిగి చెప్పించుకుని పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. నన్ను కూడా నువ్వు అలాగే చదివావు. కళ్ళజోడు, బిగించి వేసిన జడ, కాన్వెంటు చదువు, అడిగితే తప్ప నోరు విప్పదు. నింద ఎవరిమీద పెట్టాలో నీకు వెతుక్కునే పని లేకపోయింది.

నీ గదికి ఉన్నది ప్లైవుడ్ గోడ. అవతల అందరూ విన్నారు. మర్నాడు కృష్ణప్రియ స్కానర్ దగ్గర్నుంచి, "ఏందే, నువ్వు లేవంట గదా. మరి నీ చాయ్ నేను తాగనా?" అంది. నన్ను నవ్వించాలనే అంది. నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఈ రోజు ఆఫీసుకు రాలేదు. ఆ ఎడిటర్‌కి నువ్వు నిజం చెప్పేదాకా రాను.

నీ అన్న కూతురు,
రాజేశ్వరి


మాదాపూర్,
16 జూన్ 1999

అమ్మా రాజేశ్వరీ,

నీ ఉత్తరం చదివాను. నీకు ఇన్ని మాటలు వచ్చని నాకు తెలియదు. మీ పిన్నికి చూపించలేదు. చూపిస్తే నాకు అన్నం పెట్టదు.

వ్యాపారం అన్నాక ఒక్కోసారి ఏదో ఒక మాట అనాల్సి వస్తుందమ్మా. కాంట్రాక్టు పోతే ఆఫీసు మొత్తం ఇళ్ళకు పోవాలి, నాతో సహా. అయినా నేను నీ పేరు చెప్పలేదు గదా. అమ్మాయి అన్నాను. ఏ అమ్మాయో ఆయనకేం తెలుసు? దానికి ఇల్లు వదిలి వెళ్ళిపోవడమేమిటి?

అసలు సంగతి విను. శుక్రవారం ఆరున్నరకి ఆ ఎడిటర్ మళ్ళీ ఫోన్ చేస్తాడు. గార్లన్నీ ఒక్కొక్కటే మళ్ళీ చూడాలట, తెలిసిన మనిషిని కూర్చోబెట్టమన్నాడు. మనలో అవి తెలిసింది నీకొక్కదానికే, నేను ఒప్పుకుంటున్నాను. అందుకని కొత్తగా ఒక ఎక్స్‌పర్ట్‌ని పెట్టుకున్నాం, పేరు దేవిశ్రీ అని చెప్పాను. నువ్వే ఆ దేవిశ్రీవి. ఫోన్లో మొహం కనబడదు గదా. పని నీదే, కుర్చీ నీదే. సీడీ చివర వచ్చే పేర్లలోనూ అదే వేయిద్దాం. ఎలాగూ రాజరాజేశ్వరి అని నీ పూర్తి పేరు వేస్తే వాళ్ళ నోరు తిరగదు.

కోపం తగ్గించుకుని రా. ఆటో ఎక్కి రా, నడవకు.

బాబాయి


కొత్తగూడ,
19 జూన్ 1999

బాబాయ్,

నిన్న ఫోన్ అయిపోగానే నువ్వు నాతో మాట్లాడకుండా స్కూటర్ వేసుకుని వెళ్ళిపోయావు. నేను అక్కడ చెప్పగలిగింది చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు గిన్నెలు తోముతుంటే కృష్ణప్రియ వాళ్ళమ్మ రుక్కమ్మగారు వచ్చి నిలబడింది.

"మీ చిన్నాయన ఏం రాసిండు బిడ్డా?"

"వేరే పేరుతో పని చెయ్యమన్నారు."

"ఎందుకు? నువ్వేమన్న దొంగతనం చేసినవా?"

"లేదండీ."

"మరి నీ పేరుకేమైంది? జర ఆ గిన్నె ఇటియ్యి. సొట్టలు పడ్తున్నయ్."

ఆమె అడిగినంత తేలికగా నాకు తెమల్లేదు. శుక్రవారం వచ్చేటప్పుడు దారి పొడుగునా దేవిశ్రీ, దేవిశ్రీ అని పలికి చూసుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. దేవిశ్రీ అయితే ఫోన్లో ధైర్యంగా మాట్లాడుతుంది. ఏదైనా తప్పు పోతే ఆమే పడుతుంది. మెట్లు ఎక్కేదాకా నేను ఏ పేరు చెబుతానో నాకే తెలియదు. గదిలోకి రాగానే నువ్వు కుర్చీ జరిపి, "రావమ్మా దేవిశ్రీ" అని నవ్వావు. ఆ నవ్వు చూశాక తెలిసింది.

ఫోన్లో ఎడిటర్ దేవిశ్రీగారేనా అని అడిగాడు. కాదు, నా పేరు రాజరాజేశ్వరి, ఆ గార్లకు మొదట పేర్లు పెట్టింది నేనే, నేను ఎక్కడికీ పోలేదు అన్నాను. ఆయనకు సగం వినబడలేదట. ఇంకొకసారి చెప్పమన్నాడు. అంత కష్టపడి కూడగట్టుకుని అన్నది మళ్ళీ అనాల్సి వచ్చింది, ఈసారి గట్టిగా. ప్లైవుడ్ అవతల కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. అయితే ఫ్లోరిడా అని రాసింది ఎవరని ఆయన అడిగాడు. అలా మార్చినవారు ఇక్కడే ఉన్నారని చెప్పి ఫోన్ నీ వైపు జరిపాను.

నువ్వు నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. పెంచుకున్న పిల్లి గీరితే చూసినట్టు చూశావు. తర్వాత ఫోన్ వైపు వంగి, నేనే మార్చానండీ, అట్టమీద ఊరు చూసి, అన్నావు.

ఆయన ఏమన్నాడో విన్నావు కదా. ఆ పొరపాటు తమ వాళ్ళూ చేస్తుంటారని, తర్వాతి స్లైడు చూద్దామా అని అన్నాడు. అంతే. ఆ తర్వాత గొంతు కనిపించని ఫొటో వస్తే, ఇది ఏదో చెప్పలేనండీ అన్నాను. తనూ చెప్పలేనని, పేరు పెట్టకుండా వదిలెయ్యమని అన్నాడు.

కాంట్రాక్టు పోలేదు. ఎవరూ ఇళ్ళకు పోలేదు. నీకు ఖర్చయింది ఒక్క వాక్యం. ఇంత చవకగా పోయే తప్పు కోసం నన్ను లేకుండా చేశావు. కాంట్రాక్టు నిజంగానే పోయి ఉంటే నా కోపం కొంత దిగేదేమో, నువ్వు భయపడటానికి ఒక కారణం దొరికేది. ఇప్పుడు అదీ లేదు. నిజం చెబితే ఏమవుతుందో నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన అవసరం రాలేదు, నేను చేతికి అందుబాటులో ఉన్నాను కాబట్టి.

గార్లు అయ్యేదాకా వస్తాను. అవి నేను మొదలుపెట్టినవి, నేనే ముగిస్తాను. ఆ తర్వాత నీ ఆఫీసులో ఉండను. యూనివర్సిటీలో రీసెర్చికి దరఖాస్తు పెడుతున్నాను. సీడీలో నా పేరు పూర్తిగా వెయ్యి. వాళ్ళ నోరు తిరగకపోతే తిప్పుకుంటారు.

రేపు భోజనానికి రమ్మని పిన్ని కబురు పంపింది. ఆమె కోసం వస్తాను. నీ పక్కన కూర్చుని తింటాను. నువ్వు ఏదైనా అడిగితే జవాబు చెబుతాను. అది చూసి కోపం పోయిందనుకోకు, పోయిందని ఎవరికీ చెప్పకు కూడా. పోయిన రోజున నేనే చెబుతాను.

రాజరాజేశ్వరి