అంబుజం అమ్మాళ్ చేతులు

సారం, పాండిచ్చేరి,
1955 ఆగస్టు.

అమ్మకు,

నమస్కారాలతో లలిత రాస్తున్నది. ఇక్కడ నేనూ, ఆయనా వేళకి తిని తిరుగుతూ బాగానే ఉన్నాం. యానాంలో నువ్వూ, నాన్నగారూ, చెల్లి నాగకుమారీ కులాసాగా ఉన్నారని నాలుగు ముక్కలు వస్తే నా మనసు నెమ్మదిస్తుంది.

ఫ్రెంచివాళ్ళంతా వెళ్ళిపోయారా అని అడిగావు. అందరూ కాదు గాని, ఓడెక్కినవాళ్ళు చాలామందే. జెండా మారాక డాక్టర్లు కూడా కొందరు వెళ్ళారు. అల్లుడు చిక్కిపోయాడా అన్నావు. అరవ సాంబారు మరిగాక ఆయనకి చొక్కాలు బిగుతయ్యాయి.

ఇక్కడ సముద్రం పక్కన ఒక ఫ్రెంచి డాక్టరు దొర పెట్టిన పురిటి ఆసుపత్రి ఉందని ఎవరో చెప్పారనీ, చెల్లిని అక్కడికి పంపుతాననీ రాశావు. పంపకమ్మా. ఎందుకో చెబుతాను, గుండె చిక్కబట్టుకుని చదువు.

ఆసుపత్రుల శుభ్రత చూసే పనిలో నన్ను వేశారు కదా. పోయిన నెల మా పై అధికారి డాక్టరు నటరాజన్ గారితో అక్కడికే వెళ్ళాను. దొర దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన మంత్రసాని అంబుజం అమ్మాళ్ అన్నీ దగ్గరుండి చూపించింది. మంచి మనిషి. అద్దంలాంటి నేల, తెల్లటి దుప్పట్లు, ఎటు చూసినా ఫినైలు వాసన. "ఇంత శుభ్రమైన చోటు ఊళ్ళో ఇంకోటి లేదు" అని డాక్టరుగారు వెళ్ళిపోయారు.

నేను లోపలి పెద్ద గదిలోనే ఆగిపోయాను. ఆ గదిలో వరసగా బాలింతలు పడుకుని ఉన్నారు. పసివాళ్ళు ఏడ్చినా చూపు తిప్పరు. అందరి కళ్ళూ తలుపు మీదే. దిండ్ల కింద వేపాకు పెట్టుకున్నారు. కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది. మరగతం అనే అమ్మాయి బాలింత జ్వరంతో రెండు రోజుల కిందటే పోయిందట.

వైతికుప్పం నుంచి వచ్చిన చెంగమ్మ అనే బాలింత నా చెయ్యి పట్టుకుంది. తరాల కిందట ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళ పిల్ల.

"మద్దేనం దాకా ఉంటావా అక్కా? అది వస్తాది."

"ఏది?"

"చెయ్యి. తడి చెయ్యి. మద్దేనం నిద్దరకని కిటికీలు మూసేస్తారు గదా, ఆ చీకట్లో కడుపు మీద పెడ్తాది. మనిసి యాడుండాదో కనపడదు. మరగతానికి అట్ల పెట్టినాకనే జొరం."

"ఆయాలను అడగలేదా?"

"అడిగితే ఏంది చెప్తారు? ఆ పొద్దుకి వాళ్ళూ పోయి పడుకుంటారు, లోపలికే రారు."

నేను ఉండిపోయాను. మరగతం మంచం మీదే పడుకుని దుప్పటి కప్పుకున్నాను. మధ్యాహ్నం ఎవరో బయటినుంచి కిటికీలు మూశారు. అలల చప్పుడు ఆగిపోయింది. గది మూల నీళ్ళు కదిలిన అలికిడి. అడుగుల శబ్దం లేదు. చల్లటి తడి చెయ్యి ఒకటి నా కడుపు మీద పడింది. కుళ్ళిన పూలనీళ్ళ వాసన. ఆ చెయ్యి మెల్లగా నొక్కుతూ జరిగి, ఒకచోట ఆగింది.

"దొరా, ఈమెకు జ్వరం లేదు. నాలుగో నెల" అని అరవంలో ఒక ఆడగొంతు ఎవరితోనో చెప్పింది.

అమ్మా, అది నిజం. నీకు చెప్పకుండా దాచాను. పోయినసారి అలా జారిపోయాక, ముందే చెప్పుకోవాలంటే భయం వేసింది. ఈయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ మణికట్టు గట్టిగా పట్టుకుని, లేచి కిటికీ తోశాను. అంబుజం అమ్మాళ్! వెలుతురులో ఆవిడ కళ్ళనిండా తెల్లటి పొర. పొద్దున తలవంచుకు నడిచిందని నేను గమనించలేదు. ఇన్నాళ్ళూ అలవాటు కొద్దీ ఆ ఇంట్లో తడబడకుండా తిరుగుతోందన్నమాట. మూలన స్టూలు మీద పింగాణీ బేసిను, అందులో పచ్చగా జిగురు పట్టిన నీళ్ళు. దొర ఉన్నప్పుడు రోజూ ఆయనే అందులో క్రిములు చచ్చే మందు కలిపేవాడట, దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదట. ఆయన వెళ్ళాక ఆయాలు తరిగినప్పుడల్లా పైన నీళ్ళు పోశారు, అంతే. ఆవిడ అందులో చేతులు ముంచే పురుళ్ళు పోసింది, ఒకరి తర్వాత ఒకరిని తడుముతూ వచ్చింది.

"దొర ఎక్కడమ్మా?" అన్నాను.

"కుర్చీలో కూర్చున్నారు కదా" అని ఖాళీ కుర్చీ వైపు నవ్వింది.

ఆ సాయంత్రమే అందరినీ పెద్దాసుపత్రికి మార్పించాను. నటరాజన్ గారు దొర ఆసుపత్రికి తాళం వేయించారు. చెంగమ్మకి జ్వరం రానే వచ్చింది. ఇంజెక్షన్లతో బతికి, బిడ్డనెత్తుకుని ఇల్లు చేరింది.

అంబుజం అమ్మాళ్ ఇప్పుడు కాలాపేటలో తమ్ముడింట్లో ఉంది. మొన్న ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. దొర ఓడెక్కాడని ఆవిడకిప్పుడు తెలుసు.

"మరగతం నా చేతుల వల్లేనా?" అని అడిగింది.

అబద్ధం చెప్పలేకపోయాను. "అవునమ్మా. మీకు తెలియక."

రెండు చేతులూ నా ముఖం దగ్గర పెట్టి, "వాసన వస్తోందా?" అంది. కడిగి కడిగి తోలు లేచిపోయింది, సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. రావడం లేదంటే నమ్మదు. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ అలాగే చేతులు చాపుతుందట.

చెల్లిని కాకినాడలో చూపించు. ముట్టుకునేముందు ఎవరైనా సరే, నీ కళ్ళెదుటే చేతులు కడుక్కోమను. మొహమాటపడకు. మార్గశిర మాసానికి, నా పురిటికి నువ్వు నా దగ్గరికి రావాలి.

ఆదివారం ఇంటికి రాగానే నేనూ చేతులు కడుక్కున్నాను. ఆయన చూడకుండా వాసన చూసుకున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి
లలితకుమారి