చందా పైసలు, ఇంటి మనిషి

బాపూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీ కొడుకు రమేశ్ మన పేట పర్వత్ పాటియాలో కార్పొరేటర్‌గా నిలబడ్డాడు. రేపే పోలింగ్. ఖర్చులకు సాంచాల మీద బట్ట నేసే కార్మికులంతా చందా వేసుకున్నారు. మైకు ఆటో నడిపింది వాడి బామ్మర్ది శ్రీను. నిన్న రమేశ్ అతనికి తిరిగిన రోజుల పగారు ఆ చందాలోంచే ఇవ్వబోతుంటే నేను అడ్డుపడ్డాను.

"బయటోడైతే ఇస్తరు గద వదినె! మా తమ్ముడు ఉత్తగ తిరుగాల్నా?" అంది మరదలు.

"ఇయ్యాలె పిల్లా, కష్టం చేసిండు. గని ఇది చందా, దందా గాదు. ఇంటోనికి ఇంట్లకెల్లే ఇయ్యాలె."

మార్కండేయుడి పండుగకు చందా పట్టినప్పుడు నువ్వు మమ్మల్ని భోజనాలకు అందరూ తిన్నాక ఆఖరి బంతిలో కూర్చోబెట్టేవాడివని గుర్తుచేశాను.  రమేశ్ కొత్త ఫోనుకని దాచుకున్న పైసలు తెచ్చి శ్రీను చేతిలో పెట్టాడు.

"బావా, గెలిస్తె నన్ను గూడ ఆఖరి బంతిలనే కూసోబెడ్తవా?" అన్నాడు శ్రీను.

"గెలిస్తె అసలు బంతికే పిలువ."

మరదలు కూడా నవ్వేసింది, బాపూ.

తమ్ముడు గెలవాలని మొక్కుదామని పొద్దున గుడికి వెళ్లాను. అందరి దేవుడి దగ్గర దండం పెట్టుకుని, మనింటోడి కోసం ఏమీ అడగకుండానే వచ్చాను.

నీ పెద్దబిడ్డ