దిష్టి కాదు, ఇంజెక్షన్

ఏమండీ,

ఉయ్యూరు బస్సుకి వెళ్తున్నాను, సాయంత్రానికి వచ్చేస్తాను. పదకొండింటికి నర్సు సుప్రియ మీకు వాంతుల ఇంజెక్షన్ చేయడానికి వస్తుంది. సూది తీయకముందే ఆ పిల్లకి చెప్పండి, మొన్న అది చేశాక కాలు ఒకచోట నిలవక గంటసేపు వరండాలో పచార్లు చేశానని. డాక్టరు గారిని ఫోన్లో అడిగాను. అది ఆ మందు వల్లేనట, నరంలోకి గబగబా ఎక్కిస్తే అలా అవుతుందట. ఈసారి చేసేముందు నర్సు చేత తనకి ఫోన్ చేయించమన్నారు.

మీరేమో ఆ పిల్లతో "బ్రహ్మాండంగా ఉందమ్మా" అనేసి, లోపలికొచ్చి మీ అక్కయ్య చేత దిష్టి తీయించుకున్నారు. నిప్పుల్లో వేసినా మిరపకాయల ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని ఆవిడ తీర్పు. ఘాటెక్కణ్ణుంచి వస్తుంది, అవి పోయినేడాది మిరపకాయలు!

ఇంకోటి. ఆ ఇంజెక్షన్ షుగరుతో మందగించిన పొట్ట కదలడానికి, రొయ్యల ఇగురుకి చోటు చేయడానికి కాదు. గిన్నెలో జావ ఉంది, అదే తాగండి.

భానుమతి

తా.క. నెలలో ఆరు కిలోలు తగ్గిన మనిషికి ఎవరి దిష్టి తగులుతుందండీ? ఈ ఊళ్ళో మిమ్మల్ని కన్నార్పకుండా చూసేదాన్ని నేనొక్కదాన్నే.