పన్నునొప్పి అనుకున్నాను

సనాబిస్,
9 నవంబరు 2007

ప్రియమైన బుల్లెమ్మ వదినకు మెర్సీ వందనాలు.

ఈ అరబ్బు దేశం నుంచి ప్రతి శుక్రవారం ఫోనులో "బాగానే ఉన్నాను" అని చెప్పి పెట్టేస్తున్నాను. ఫోనులో చెప్పలేనిది ఒకటుంది. మీ తమ్ముడు పోయి రెండేళ్ళు కావస్తున్నా ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది మా బడిలో పదకొండో తరగతికి కొత్తగా అనాటమీ, ఫిజియాలజీ పెట్టారు. డాక్టరీ చదవాలనుకునే పిల్లలకు మనిషి శరీరం గురించి కాలేజీలో చెప్పేంత లోతుగా చెప్పాలి. పదేళ్ళుగా బయాలజీ చెబుతున్నానని ప్రిన్సిపాల్ నాకే అప్పగించారు. ఎముకలు, కండరాలు అయ్యాయి. పోయిన ఆదివారం (ఇక్కడ సెలవు శుక్రవారమే) గుండె మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ నేను చెప్పింది నాలుగు గదులు, రక్తం వచ్చే దారి, పోయే దారి, అంతే. ఈ పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. గుండెకు రక్తం అందనప్పుడు నొప్పి ఛాతీలోనే రావాలని లేదట. కొందరికి ఎడమ దవడలో మాత్రమే వస్తుందట.

ఆయన పోయిన రోజు పొద్దున్న హిద్‌లో ఓడల యార్డుకు డ్యూటీకి బయలుదేరుతూ మీ తమ్ముడు "దవడ లాగేత్తందే మెర్సీ" అన్నారు. బడి బస్సు వెళ్ళిపోతుందని నా హడావిడి నాది. "పన్నునొప్పయ్యుంటుంది, లవంగం పెట్టుకోండి" అన్నాను. తలెత్తి ఆయన మొహం కూడా చూడలేదు. పదింటికి యార్డు నుంచి కబురొచ్చింది. మీ అందరికీ మాత్రం నవ్వుతూనే వెళ్ళారని చెప్పాను. అది అబద్ధం వదినా.

క్లాసులో ఒకమ్మాయి లేచి, "మేడమ్, మామూలు నొప్పే అని ఊరుకుంటే మనిషి చనిపోతాడా?" అని అడిగింది. పుస్తకం మూసేసి బయటికి వచ్చేశాను. మళ్ళీ ఆ క్లాసుకు వెళ్ళలేదు. తెలుగు సంఘంలో ఆరాధనకు వెళ్ళడమూ మానేశాను. అక్కడందరూ నన్ను ఓదారుస్తారు, నాకది తీసుకోవాలనిపించదు. అన్నం వండుకుని గిన్నెలోంచే తినేస్తున్నాను. రోజంతా ఒక్క తెలుగు మాటయినా నోట్లోంచి రాని రోజులున్నాయి. ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి పెట్టుకున్నాను. మీరు రమ్మంటే వస్తాను. వద్దన్నా తప్పు పట్టను.

మీ మరదలు,
మెర్సీ

తాళ్ళరేవు,
25 నవంబరు 2007

అమ్మా మెర్సీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది?

వాడు పోవడానికి ముందు శుక్రవారం నాకు ఫోన్ చేశాడు. మెట్లెక్కితే గుండె పట్టేస్తోందన్నాడు. డాక్టరు దగ్గరికి వెళితే, వెంటనే ఆస్పత్రిలో చేరి పరీక్షలు చేయించుకోమన్నాడట. "మెర్సీ బడిలో పరీక్షలవనీ అక్కా, అప్పుడు చేరతాను. దానికి చెప్పమాకు, బెంగెట్టుకుంటది" అన్నాడు. నేను సరేనన్నాను. మా నాన్న కూడా నలభై రెండేళ్ళకే చేలో కూలిపోయాడు, మా చిన్నాన్నా అంతే. నీ పెళ్ళప్పుడు ఈ సంగతి మీవాళ్ళకి చెప్పకుండా దాచాం. నువ్వు శవపేటికతో పాటు వచ్చి నా ఒళ్ళో పడి ఏడుస్తుంటే చెబుదామనుకున్నాను. భయమేసింది. అన్నీ తెలిసిన నేను నోరు మూసుకుని, ఏమీ తెలియని నిన్ను ఇన్నాళ్ళూ ఏడవనిచ్చాను.

ఇక్కడ మన ఇంట్లో మీ గది ఖాళీగానే ఉంది. నా మొహం చూడబుద్ధేస్తే రా.

బుల్లెమ్మ

సనాబిస్,
14 డిసెంబరు 2007

వదినకు,

మీ ఉత్తరం వచ్చిన రోజు మీ మీద ఎంత కోపమొచ్చిందో రాయలేను. ఆ తర్వాత ఆయన మీద వచ్చింది. నాలుగు రోజులు ఆ కోపంతోనే బడికి వెళ్ళొచ్చాను. చెప్పుకోవడానికి ఇక్కడ ఎవరున్నారు కనుక.

ఐదో రోజు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, ఆ క్లాసు నేనే చెబుతానన్నాను. ఆ పేజీ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. "నా భర్తకు ఇలాగే వచ్చింది. నేను పన్నునొప్పి అనుకున్నాను" అన్నాను. ఆ రోజు అడిగిన పిల్లే చెయ్యెత్తి, "మా నాన్నకు చెప్పనా మేడమ్?" అంది. "ఇవాళే చెప్పమ్మా" అన్నాను.

మిమ్మల్ని క్షమించానని ఇప్పుడే రాయలేను. ఉద్యోగం మానడం లేదు. సాయంత్రం ఇక్కడి నా ఒంటరి గదికే వెళుతున్నాను, అక్కడేమీ మారలేదు. కానీ మీ పెద్దబ్బాయి గిడియోన్‌కు ముప్పై ఎనిమిది నిండాయి కదా. ఈ ఉత్తరం అందిన రోజే అబ్బాయిని కాకినాడ తీసుకెళ్ళి గుండె పరీక్షలు చేయించండి. డాక్టరు ఏమన్నాడో మంచయినా చెడయినా నాకు ఫోన్ చేసి చెప్పండి. రోజూ నాలుగింటికి గదికి వచ్చేస్తాను.

మెర్సీ