బావిలో నీళ్లున్నట్టా, లేనట్టా?

పెనుకొండ, 1965 మే, మంగళవారం

ఊరి బావుల్లో నీరు ఉందో లేదో రాసుకురమ్మన్నారు ఆఫీసరు గారు. పూర్తిగా ఎండితేనే 'లేదు' అని రాయాలట, అడుగున చెమ్మ కనిపించినా 'ఉంది' అట. 'లేదు' అన్న ఊరికే కొత్త బావి.

ఇవాళ రొళ్ల దగ్గరి ఊళ్లో ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. "తెల్లారేసరికి కడవెడు ఊరుతాది సార్" అంది ఒకావిడ. "గొర్రెలు కూడా ముట్టవు" అన్నాడొక ముసలాయన. మునసబు మాత్రం "నీళ్లుండాయి, రాసుకోప్పా" అని తొందరపెట్టాడు. ఆ తొందరే నాకు అనుమానం తెప్పించింది. ఆయనకు ఈ ఊరి బదులు అల్లుడి ఊళ్లో బావి పడాలని ఉందని ఎవరో గొణిగారు కూడా.

ఆవిడ చేత గ్లాసెడు నీళ్లు తోడించి, "తాగండి" అని మునసబు చేతికిచ్చాను. ఆ బురద చూసి గ్లాసు కింద పెట్టేశాడు. ఆఫీసరు గారి లెక్కన అది 'ఉంది' కిందికే వస్తుంది; అయినా 'లేదు' అని రాశాను.

తిరుగు బస్సులో నా వెనక సీట్లో మునసబే!

"యాడికి పోతాండారు?" అన్నాను.

"ఆఫీసులో పనుండాది లేప్పా."

కాగితం గుమాస్తాకిచ్చి వచ్చేటప్పటికి ఆయన ఆఫీసు వరండాలోనే కూర్చుని ఉన్నాడు. రేపు పొద్దున్నే పోయి, నా 'లేదు' ఇంకా 'లేదు'గానే ఉందో లేదో చూసుకోవాలి.